ఇత్తడి చెంబును ఫొటో తీయడానికి నాకు నెల పట్టింది

మా మామయ్యకు హనుమకొండలో ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది. నిరుడు కార్తిక మాసానికి ముందు, కుందులూ చెంబులూ ఆన్‌లైన్‌లో కూడా అమ్ముదామని ఆయనకు ఎక్కించింది నేనే. దాంతో ఫొటోల పని నా మెడకే చుట్టుకుంది. చేతిలో మంచి ఫోను ఉంది, ఇందులో ఏముంది అనుకున్నాను.

మొదటిరోజు రాత్రి కొట్టు కట్టేశాక ఒక నున్నటి చెంబును బల్ల మీద పెట్టి, ఫ్లాష్ వేసి తీశాను. చెంబు పొట్ట మీద తెల్లటి మచ్చ, వెనక గోడ మీద కత్తితో కోసినట్టు నల్లటి నీడ. ఫ్లాష్ ఆపి కొట్టులోని దీపాలన్నీ వేశాను. పైన ట్యూబ్‌లైటు, పక్క గూట్లో పాత పసుపు బల్బు. చెంబు ఒక పక్క బంగారంలా, ఇంకో పక్క స్టీలులా వచ్చింది. ఫొటోలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఎటు జరిపినా ఒక వైపు కుదిరితే రెండో వైపు చెడుతోంది. వెలుగు రంగును కెల్విన్‌లలో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం వైపు. బల్బు వెలుగు 2700 కెల్విన్ దగ్గర, ట్యూబ్‌లైటుది 6500 దగ్గర ఉంటే ఒక్క దిద్దుబాటుతో రెండూ ఎలా కలుస్తాయి? మామయ్య ఫోను చేతిలోకి తీసుకుని చూసి, "ఏరా, ఇందులో ఏ సగం అమ్ముదాం?" అన్నారు.

పంతం కొద్దీ రింగ్ లైటు, అంటే గుండ్రటి చట్రంలా ఉండే దీపం, కొన్నాను. మనుషుల ముఖాలకు అది బాగానే ఉంటుంది. చెంబు మీద మాత్రం తెల్లటి చేతిగాజు ముద్ర వేసినట్టు పడింది. ఆ గాజు మధ్యలో ఏదో ఎర్రగా కనిపిస్తే పెద్దది చేసి చూశాను. ఎర్ర టీషర్టులో నేను, నా వెనక క్యాలెండరు, నెత్తి మీద ఫ్యాను.

అప్పటికి గాని బుర్రకు తట్టలేదు. చెంబు మీద వెలుగు ఎలా పడాలా అని చూస్తున్నానే తప్ప, చెంబుకు ఎదురుగా ఏముందో చూడటం లేదు. తోమిన ఇత్తడి అద్దంతో సమానం. దాని ముందు చిన్న దీపం పెడితే చిన్న మచ్చ పడుతుంది, వెడల్పాటి తెల్లగుడ్డ పెడితే వెడల్పాటి మెత్తటి మెరుపు వస్తుంది. పోలరైజింగ్ ఫిల్టరుతో ప్రతిబింబాలు పోతాయని ఎవరో చెబితే, ఫోనుకు తగిలించేది ఒకటి కొన్నాను. గాజు మీద, వార్నిషు మీద పనిచేస్తుంది గాని ఒట్టి లోహం దగ్గర దాని ఆటలు సాగవు. దండగ ఖర్చు.

మకాం ఇంటికి మార్చాను. ఉత్తరం వైపు కిటికీకి మామయ్య తెల్ల పంచె కట్టి, గదిలో దీపాలన్నీ ఆర్పేశాను. రెండో పక్కన థర్మోకోల్ షీటు నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి రెండు రెట్ల లెన్సుతో తీశాను. చెంబులో నా బొమ్మ చీమంత అయింది. వెనక వేసిన తెల్ల చార్టు మాత్రం బూడిద రంగులో వచ్చింది. కెమెరా దేన్ని చూసినా నడిమి బూడిద అనుకునే వెలుగు కొలుస్తుంది, తెలుపు ఎక్కువైతే బొమ్మను నల్లబరుస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫొటో వెలుతురు, ఒక మెట్టు పెంచితే సరిపోయింది.

ఆ ఊపులో సుత్తి దెబ్బల బిందె ఒకటి తీసుకుని, దాని చుట్టూ గుడారంలా ట్రేసింగ్ పేపర్ కట్టాను. మచ్చ లేదు, నీడ లేదు. గర్వంగా చూపిస్తే మామయ్య మొహం చిట్లించారు. "ప్లాస్టిక్ బిందెలా ఉంది. దెబ్బలేవిరా?"

నిజమే. చేత్తో కొట్టిన బిందె అది, ఒళ్ళంతా గోరంత గుంటలు. వెలుగు అన్ని వైపులా ఒకేలా పడేసరికి గుంటలకు నీడ లేకుండా పోయింది. ఆ పనితనానికే కదా డబ్బులు! గుడారం పీకేసి, కిటికీ వెలుగు ఒక్క పక్కనుంచే రానిచ్చాను. థర్మోకోల్ తీసేసి అక్కడ రెండు వేళ్ళ వెడల్పు నల్ల చార్టు ముక్క నిలబెట్టాను. బిందె అంచు వెంట కాటుక దిద్దినట్టు సన్నటి గీత వచ్చింది. ప్రతి గుంటలోనూ ఒక వైపు మెరుపు, ఇంకో వైపు నీడ. మామయ్య రెండు వేళ్ళతో తెరను పెద్దది చేసి, ఒక్కో దెబ్బా జరుపుకుంటూ చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున కొట్టు నుంచి ఇంకో పన్నెండు బిందెలు పంపించారు.

వేలిముద్రల సంగతి చెప్పడం మరిచాను. పక్క వెలుగులో అవి కూడా అంతే బాగా కనిపిస్తాయి. చింతపండుతో తోమి, ఆరాక గుడ్డతో తప్ప పట్టుకోకూడదు.

పళ్ళేలు మాత్రం ఇంకా లొంగలేదు. చదునుగా ఉంటాయి కనుక నిట్టనిలువుగా పైనుంచి తీస్తే నడిమధ్యన ఫోనూ, దాన్ని పట్టుకున్న నా చేతులూ కనిపిస్తున్నాయి. ప్రస్తుతానికి అంచు కింద అగ్గిపెట్టె పెట్టి, పంచె వైపు కాస్త వాల్చి తీస్తున్నాను.