‘టర్బో పోయింది సార్’ అన్నారు

మా కారు ఇంజను నిండా వెయ్యి సీసీ కూడా ఉండదు. మూడు సిలిండర్లు, డైరెక్ట్ ఇంజెక్షన్, పక్కన గుప్పిట్లో పట్టేసే చక్రంతో ఒక చిన్న టర్బో. ఎగ్జాస్ట్ ఊపుతో తిరిగి ఇంజనులోకి గాలిని ఒత్తి పంపేది అదే. 2023లో 58 వేల కిలోమీటర్లు తిరిగిన బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను. చెబితే మిగతాదంతా వదిలేసి అందరూ దాని మీదే పడతారు.

కొనేముందు నేను చూసుకున్నదంతా అంకెలే. అంతకుముందు మాది 1.2 లీటర్ల మామూలు పెట్రోలు బండి. మారుతి 1.2 ఇంజనునే తీసుకుంటే పవర్ 90 పీఎస్, టార్క్, అంటే ఇంజను లాగే బలం, 113 న్యూటన్ మీటర్లు. ఆ టార్క్ అందాలంటే 4,400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దాకా తొక్కాలి. అదే కంపెనీ 998 సీసీ టర్బో ఇంజను బూస్టర్‌జెట్ 147.6 న్యూటన్ మీటర్లని 2,000 నుంచే ఇస్తుంది. ఫోక్స్‌వాగన్ 999 సీసీ టర్బో టీఎస్‌ఐ అయితే 115 పీఎస్, 178 న్యూటన్ మీటర్లు, అదీ 1,750 నుంచి. హ్యుందాయ్ 998 సీసీ టర్బోలో 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు, 1,500 నుంచి. సింహాచలం కొండ ఎక్కేవాడికి 6,000 ఆర్‌పీఎం దగ్గర వచ్చే పవర్‌తో పనేముంది? 2,000 దగ్గర టార్క్ కావాలి. నేను టర్బో వైపు తిరిగింది అందుకే.

మన్నిక గురించి ఏ బ్రోషరూ మాట్లాడదు. అవార్డులూ చెప్పవు. ఫోర్డ్ చిన్న టర్బో ఇంజను 1.0 ఎకోబూస్ట్ 2012, 2013, 2014 వరసగా మూడేళ్ళు ‘ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ది ఇయర్’ కొట్టింది. మన దగ్గర 2013లో ఎకోస్పోర్ట్‌లో వచ్చినప్పుడు 125 పీఎస్ అంటే నోరు వెళ్ళబెట్టాం. అదే ఇంజనులో ఆయిల్ పంపుని తిప్పే బెల్టు టెన్షనర్ సమస్యతో 2023లో అమెరికాలో బళ్ళు రీకాల్ చేశారు. ఇంజను పోతే పిస్టన్ దగ్గర మొదలవ్వాలని ఏమీ లేదని అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది.

2024 డిసెంబరులో అరకు బయల్దేరాం. అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను, డిక్కీ నిండా సామాను. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక, టైడా దగ్గర ఒక మలుపులో మూడో గేరులో తొక్కాను. బండి లాగలేదు. బోనెట్ లోంచి సైకిల్ ట్యూబు గాలి వదిలినట్టు ‘ష్‌ష్’ అని చప్పుడు, డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజను లైటు. రెండో గేరుకి దించి, వెనక బస్సువాడి హారన్ వింటూ పక్కకి తీశాను. టర్బో గాలి అందకపోతే అది అయిదుగుర్నీ సామానునీ మోస్తున్న వెయ్యి సీసీ బండే కదా. పిల్లలు ఏడుపు మొదలెట్టారు. అమ్మ మాత్రం ‘కొత్తది కొనమంటే విన్నావా’ అని ఊరుకుంది. ఇరవై, ఇరవై అయిదు స్పీడులో వెనక్కి దిగొచ్చేశాం.

నిజానికి నెల ముందు నుంచే బండి చెబుతూనే ఉంది. లీటరుకి 13 ఇచ్చేది పదిన్నరకి పడిపోయింది. సాగర్‌నగర్ నుంచి గాజువాక రోజూ వెళ్ళొచ్చేవాణ్ణి, ఎన్ఏడీ ట్రాఫిక్ పుణ్యమే అనుకున్నాను. మునుపటి కంటే ఎక్కువ తొక్కాల్సి వస్తోందని గమనించలేదు.

మర్నాడు సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టారు. పి 0299 అని కోడ్ వచ్చింది. పది నిమిషాల్లో తీర్పు: ‘టర్బో పోయింది సార్, అసెంబ్లీ మార్చాలి.’ లేబర్‌తో కలిపి ఎస్టిమేట్ 92 వేల చిల్లర. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే చెయ్యి వణికింది. బండి కొన్న ధరలో అదెన్నో వంతో లెక్కేసుకోవడానికి కూడా ధైర్యం చాల్లేదు.

సాయంత్రం కూర్మన్నపాలెం వెళ్ళి మావయ్యకి చెప్పాను. ఆయన విశాఖ స్టీల్ ప్లాంట్‌లో, ఫర్నేసులకి గాలి ఊదే బ్లోయర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఎస్టిమేట్ చదివి కళ్ళద్దాలు తీసేశాడు.

‘ఒరే, గోదావరికి గాలి ప్రెషర్ పడిపోతే ముందు బ్లోయర్ విప్పేస్తామేట్రా? దార్లో ఎక్కడ లీకవుతుందో చూస్తాం. ఆ కోడ్‌కి అర్థమేటి?’

గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనేవి అక్కడి బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు. పేరు పెట్టి పిలిచినప్పుడు ఆయన ఇంట్లో మనిషి గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

అర్థం చూస్తే, పి 0299 అంటే కంప్యూటర్ అడిగినంత గాలి ఒత్తిడి ఇంజనుకి రావడం లేదని. అంతే. ఎందుకు రావడం లేదో అది చెప్పదు. టర్బో పాడవ్వొచ్చు. ఎక్కువైన ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే వేస్ట్‌గేటు తెరుచుకునే ఉండిపోవచ్చు. దాన్ని నడిపే కరెంటు వాల్వు, సోలినాయిడ్, చచ్చిపోవచ్చు. సెన్సరు అబద్ధం చెప్పొచ్చు. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజనుకి వెళ్ళే హోసుల్లో ఎక్కడో గాలి పోతుండొచ్చు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి లీక్ టెస్ట్ చేశారా అని అడిగితే ‘కోడ్ క్లియర్‌గా ఉంది కదా సార్’ అన్నారు. కోపం వచ్చిన మాట నిజమే. గంటకి ఇన్ని బళ్ళు తేల్చాలని లెక్క పెట్టుకున్న చోట మూడు గంటలు లీకు వెతికే ఓపిక ఎవరికుంటుందని తర్వాత అనిపించింది.

మావయ్య మూడు ప్రశ్నలు వేశాడు. నీలం పొగ వస్తోందా? ఆయిల్ తాగుతోందా? ఇనుము రాసుకుంటున్నట్టు చప్పుడుందా? మూడింటికీ లేదనే చెప్పాను. ‘అయితే ఆటోనగర్ ఎల్లు’ అన్నాడు.

గాజువాక ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దగ్గరికి పంపాడు. అక్కడైతే మొదటి దెబ్బకే తేలిపోయిందని రాయాలనే ఉంది గానీ, లేదు. మేస్త్రీ ముందు సోలినాయిడ్‌ని అనుమానించాడు. 4,100 పెట్టి కొత్తది వేశాం. కోడ్ తుడిచేశాక రెండు రోజులు ఊళ్ళో బాగానే తిరిగింది. మూడో రోజు సింహాచలం ఘాట్‌లో మళ్ళీ పసుపు లైటు. ఊళ్ళో మెల్లగా తిరిగేటప్పుడు ఇంజను బూస్ట్, అంటే టర్బో ఒత్తి పంపే గాలి, పెద్దగా అడగదు, అందుకే లైటు రాలేదంతే. ఈ బళ్ళలో రిపేరు నిలిచిందో లేదో తెలియాలంటే కొండే ఎక్కించాలి.

ఈసారి మేస్త్రీ ఇన్‌టేక్ పైపు ఊడదీసి, టర్బో చక్రం మధ్య నట్టుని వేళ్ళతో పట్టుకుని నా చేత కూడా కదిలింపజేశాడు. అటూ ఇటూ కొంచెం ఊగింది. నాకు గుండె జారిపోయింది. ‘అది ఉండాలి సార్. ఆ షాఫ్టు ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుద్ది. లోపలికీ బయటికీ కదిలితేనే పోయినట్టు’ అన్నాడు. లోపలికీ బయటికీ కదల్లేదు. రెక్కలు ఎక్కడా రాసుకోలేదు. ఇంత చిన్న టర్బోలు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతాయి. బేరింగ్ నిజంగా పోయుంటే రెక్కల మీద ఆ గుర్తు కనబడకుండా ఉండదు.

తర్వాత పైపుల్లోకి పొగ ఊది లీకు పట్టే పొగ మిషన్ పెట్టాడు. పొగ ఎక్కడి నుంచీ రాలేదు. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. అప్పుడు ఒక పీవీసీ పైపు మూత తెచ్చాడు, దానికి ట్యూబు వాల్వు బిగించి ఉంది. దాన్ని టర్బో ముందు మూతిలో పెట్టి క్లాంపు వేసి, కంప్రెసర్‌తో మెల్లగా 15 పీఎస్‌ఐ దాకా గాలి ఎక్కించాడు. ఇంజనుకి బూస్ట్‌లో దాదాపు అంత ఒత్తిడే వస్తుంది. కుర్రాడు షాంపూ కలిపిన నీళ్ళు హోసుల మీద పోశాడు. ఇంటర్‌కూలర్ నుంచి పైకి వచ్చే హోసు అడుగున, చూపు ఆనని చోట, బుడబుడా బుడగలు. పంక్చర్ షాపులో టబ్బు ముందు నిలబడ్డట్టే ఉంది.

హోసు విప్పి వంచితే రెండంగుళాల చీలిక. వదిలేస్తే మూసుకుపోతుంది. పొగ మిషన్ ఒత్తిడికి తెరుచుకోలేదు, బూస్ట్ ఒత్తిడికి తెరుచుకుంటోంది. ఇంజను లోంచి వచ్చే ఆయిల్ ఆవిరికి లోపలి రబ్బరు మెత్తబడింది. క్లాంపు తుప్పు పట్టి ఒక పక్కే బిగుసుకుపోయి అక్కడే కోసింది. సముద్రం ఎదురుగా బండి పెట్టుకుంటే ఉప్పుగాలి ఊరుకుంటుందా? కొత్త హోసు 2,850, రెండు స్టీలు క్లాంపులు, మేస్త్రీ కూలి 1,500. సోలినాయిడ్ డబ్బులు మాత్రం దండగ. పాతది తీసుకెళ్ళి స్పేర్‌గా ఉంచుకున్నాను.

అదే రోజు ఆయిల్ కూడా మార్పించాను. పాత ఓనరు బిల్లులు తిరగేస్తే ఒకసారి 14 వేల కిలోమీటర్లు ఒకే ఆయిల్ మీద నడిపినట్టు తేలింది. టర్బో బేరింగుకి ప్రాణం ఆయిలే. అలాంటి బండికి అదెంత పాపమో ఇప్పుడు తెలుసు. ఇంకోటి, చిన్న టర్బో ఇంజన్లలో తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కితే స్పార్కు పడకముందే సిలిండరులో మంట అంటుకునే జబ్బు ఉంది. పిస్టన్లు పగిలేంత దెబ్బ అది. దాన్ని అడ్డుకునే పరీక్షలు నెగ్గిన ఏపీఐ ఎస్‌పీ గ్రేడు ఆయిల్ 2020 నుంచి దొరుకుతోంది, అదే పోయించాను. కంపెనీ 10 వేల కిలోమీటర్లకి ఆయిల్ మార్చమంటే నేను 7,500కే మారుస్తున్నాను. అయిదో గేరులో 40 స్పీడుతో ఎత్తు ఎక్కించే అలవాటు కూడా మానేశాను. మైలేజీ కోసం అలా తోలేవాణ్ణి, సిగ్గుగా ఉంది.

సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ అరకు బయల్దేరాం. ఈసారి అమ్మ రానంది. ఆ సీట్లో మావయ్య కూర్చున్నాడు. టైడా మలుపు దగ్గర అద్దం దించి చెవి బయట పెట్టాడు. సన్నని ఈల తప్ప ఏమీ లేదు. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఆపి, ఇంజను కట్టేయకుండా అలాగే కూర్చున్నాను. పిల్లలు అప్పటికే దిగి పరిగెత్తేశారు.

‘దిగవేట్రా?’

‘ఒక్క నిమిషం మావయ్యా. ఘాట్ ఎక్కి వచ్చింది కదా, టర్బో కాస్త చల్లబడాలి.’

‘ఫర్నేసు షట్‌డౌన్ చేస్తున్నట్టు ఏట్రా ఆ బిల్డప్పు’ అని, తలుపు తీసుకుని కాఫీ బండి వైపు నడిచాడు.