సత్యని క్షమించలేను, వదల్లేను

నిన్న రాత్రి చిక్కడపల్లిలో ఫ్రెండ్ రూమ్‌లో 'సత్య' మళ్లీ చూశాం. 1998 హిందీ గ్యాంగ్‌స్టర్ సినిమా, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అమీర్‌పేటలో వీడియో షాపు నడిపిన రాంగోపాల్ వర్మ ముంబైని అలా చూపించాడంటే గర్వంగా ఉంటుంది.

అందరూ అందులోని గ్యాంగ్ లీడర్ భికూ మాత్రే గురించే మాట్లాడతారు. మనోజ్ బాజ్‌పాయ్ చేసిన తీరు అలాంటిది మరి. నన్ను వెంటాడేది మాత్రం ఆ గ్యాంగ్‌లో చేరిన హీరో సత్యే. ఎక్కడి నుంచి వచ్చాడో, వెనక ఎవరున్నారో చివరిదాకా తెలియదు. ఆ పాత్ర చేసిన జె.డి. చక్రవర్తి ముఖంలో ఏదీ బయటపడనివ్వడు.

ఆ థియేటర్ సీన్! సత్యని పట్టుకోడానికి పోలీసులు ఒక్క తలుపు తప్ప అన్నీ మూయించి జనాన్ని ఒక్కొక్కరిగా బయటికి పంపుతుంటారు. పక్కనే వాడు ప్రేమించిన విద్య, పాపం ఆమెకు వాడి సంగతేమీ తెలియదు. సత్య తుపాకీ పేలుస్తాడు. తొక్కిసలాట. ఏ సంబంధమూ లేని మనుషులు కాళ్ల కింద నలిగిపోతారు. విద్య ముందు దొరికిపోతానన్న భయమే వాడి చేత ఆ పని చేయించిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. అంత ఘోరం చూశాక కూడా వాడు విద్యతో ఎక్కడికైనా పారిపోతే బాగుండనుకున్నాను. అది తలుచుకుంటేనే రాత్రి నిద్ర పట్టలేదు.

చూడనివాళ్లు ఈ వీకెండ్ చూడండి. సందీప్ చౌతా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కోసమైనా సౌండ్ పెంచి చూడండి.