నలభై ఒక్క రూపాయల దగ్గర

2021 జులై 23, శుక్రవారం. పొద్దున పదింటికి మా మరిది ఫోన్. "వదినా, 76కి ఇచ్చిన జొమాటో షేరు 116 దగ్గర మొదలైంది. అప్లై చేసినా మనకే అలాట్‌మెంట్ రాలేదు." నేను కాలేజీకి బయల్దేరుతున్నాను. హనుమకొండలో కామర్స్ చెప్తాను కాబట్టి మా ఇంట్లో షేర్ల పంచాయితీ ఏదొచ్చినా నా దగ్గరికే వస్తుంది.

జొమాటో మీద మా ఇద్దరి వాదన ఆ రోజు మొదలై ఏడాది నడిచింది. అతని మాట ఒకటే: "మా ఆఫీసులో క్యారేజీ తెచ్చుకునేవాళ్ళు ఇద్దరే వదినా. మిగతా అందరూ ఫోన్లో ఆర్డరే. ఇది ఇంకా మొదలు." నా మాటంతా ఒక రఫ్ నోటుబుక్కులో ఉంది. అంతకుముందు ఏడాది ఆదాయం దాదాపు 1,994 కోట్లు, నష్టం 816 కోట్లు. మార్కెట్లో లిస్టయిన ఆ రోజు కంపెనీ విలువ లక్ష కోట్లు దాటింది. భాగిస్తే యాభై. ఒక్క రూపాయి ఆదాయానికి యాభై రూపాయల ధర, అదీ నష్టాల్లో ఉండగా! ఆ యాభై కింద రెండు గీతలు గీసుకున్నాను. పక్కన "లాభం రాదు" అని కూడా రాశాను.

న్యూయార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అశ్వథ్ దామోదరన్ అదే నెలలో షేరుకు సుమారు 41 రూపాయలు లెక్కకట్టారు. లెక్కంతా బయటపెట్టారు, ఎవరైనా అంకెలు మార్చి చూసుకోవచ్చు. మరిదికి పంపితే, "అమెరికాలో ఉన్నాయనకు మాదాపూర్ ఆకలి ఏం తెలుసు?" అన్నాడు. నవంబరులో షేరు 169 తాకింది. అతను 158 చొప్పున 300 కొన్నాడు.

2022 జులైలో పాత ఇన్వెస్టర్లు షేర్లు అమ్మకూడదన్న లాక్-ఇన్ గడువు ముగిసింది. మొత్తం షేర్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఒక్కసారే అమ్ముకునే వీలొచ్చింది. రెండు మూడు రోజుల్లో ధర 41 దగ్గరికి దిగింది. రాత్రి పదకొండింటికి ఫోన్. "పాప ఫీజు డబ్బులు వదినా అవి" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు మొత్తం అమ్మేశాడు.

2024 డిసెంబరులో అదే షేరు 300 దాటింది, సెన్సెక్స్‌లో చేరింది. ధర ఎక్కువన్నవాళ్ళకు ఏమీ తెలియదని ఇప్పుడు చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. 2021లో జనం కొన్నది భోజనం డెలివరీ చేసే కంపెనీని. తర్వాత ధరను అంత పైకి లేపింది చాలావరకు బ్లింకిట్, నిమిషాల్లో సరుకులు ఇంటికి తెచ్చిచ్చే కంపెనీ. దాన్ని 4,447 కోట్లకు కొంటున్నట్టు చెప్పింది 2022 జూన్‌లో. అప్పుడు మార్కెట్టూ తిట్టింది, నేనూ తిట్టాను. 158కి కొన్నప్పుడు మా మరిది లెక్కలో బ్లింకిట్ ఎక్కడుంది?

"లాభం రాదు" అన్నది మాత్రం కొట్టేశాను. 2023 ఏప్రిల్-జూన్‌లో 2 కోట్ల లాభం చూపించారు. చిన్న అంకే, కానీ లాభం లాభమే.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ జులై రాత్రి. ఏడాదిగా నేను సరైనదంటూ వచ్చిన ధరకే షేరు దిగింది. నేను ఒక్కటీ కొనలేదు. "ఆగు, ఇప్పుడు అమ్మకు" అని అతనికి చెప్పడానికి లెక్క నా నోటుబుక్కులోనే ఉంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఊరుకున్నాను.