హీటరు 1500, ఇండక్షన్ 1800

"అమ్మా, నీకు సముద్రం ఇష్టమా, తక్కువలో రావడం ఇష్టమా?" అని అడిగింది మా పెద్దమ్మాయి. దానికి పదేళ్లు. అమెరికాలో ఒరెగాన్ తీరాన ఉన్న ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్కులో, ఆర్వీ (లోపలే మంచాలు, వంటగది ఉండే బండి) బయట బల్ల దగ్గర కూచుని నేను బందరులో ఉన్న అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. ఇక్కడ సాయంత్రం, అక్కడ తెల్లవారింది. హోటల్లో దిగితే ఎంతయ్యేదో, ఇక్కడ ఎంతలో అయిపోయిందో చెప్తున్నాను. పిల్ల విసురుగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఫోన్ పెట్టేశాక చెప్తానన్నాను. చెప్పలేదు. వచ్చి మూడు వారాలైంది, ఆ మాట నన్ను వదలడం లేదు.

మేముండేది పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బొరోలో. నాలుగేళ్లుగా ఏటా ఒకసారి ఆర్వీ అద్దెకు తీసుకుని ఒరెగాన్ తీరానికి వెళ్తున్నాం. ఈ రాష్ట్రంలో సముద్రతీరమంతా జనానిదేనని 1967లోనే చట్టం చేశారు. ఇసుక మీద నడిచినందుకు ఎవరూ డబ్బులడగరు. ఖర్చంతా రాత్రి పడుకునే చోటికే, బండికే. అది ఎలా తగ్గించుకోవాలో నాకు బాగా తెలుసు, ఎవరడిగినా ఓపిగ్గా చెప్తాను. స్టేట్ పార్కు సైటు, అంటే బండి నిలుపుకునే చోటు, ఆరు నెలల ముందే తీసుకోవాలి, వేసవిలో అయితే ఆలస్యం చేస్తే దొరకదు. శుక్ర, శనివారాలు వదిలేసి ఆదివారం నుంచి గురువారం లోపల వెళ్తే బండి అద్దె తగ్గుతుంది. హుకప్, అంటే కరెంటు, నీళ్లు బండికి తగిలించుకునే ఏర్పాటు, ఉన్న సైటే తీసుకోండి, ఎందుకంటే జనరేటర్ వాడితే బండి అద్దెకిచ్చేవాళ్లు చాలామంది గంటకింతని వేస్తారు. మైళ్లకూ లెక్క ఉంటుంది కాబట్టి దగ్గర పార్కు చూసుకోవాలి, మాకు ఫోర్ట్ స్టీవెన్స్ రెండు గంటల దారి. బండి పొడవెంతో, సైటు పొడవెంతో ముందే చూసుకోండి. తిరిగి ఇచ్చేముందు డంప్ స్టేషన్లో మురుగునీళ్ల ట్యాంకులు ఖాళీ చేయకపోతే దానికీ వేస్తారు. సియాటిల్‌లో ఉన్న మా ఆడపడుచు వాళ్లలా బయటి రాష్ట్రం నుంచి ఆర్వీలో వచ్చేవాళ్లకి 2022 నుంచి సైటు మీద 25 శాతం ఎక్కువ, అది కూడా లెక్కలో వేసుకోవాలి.

వంట విషయానికి వస్తే, గ్యాస్ పొయ్యి బండిలోనే ఉంటుంది. కానీ వాడిన గ్యాస్ నింపి ఇవ్వాలి, కరెంటు మాత్రం సైటు డబ్బుల్లోనే వచ్చేస్తుంది. అందుకని ఇంటి నుంచి ఇండక్షన్ స్టవ్ పట్టుకెళ్తాను. మేం తీసుకునేది 30 ఆంపియర్ల బండి, అంటే ఒకేసారి నడిచేవన్నీ కలిపి 3600 వాట్లు దాటకూడదు. రెండేళ్ల క్రితం ఒక రాత్రి వానలో హీటరు నడుస్తోంది, ఇండక్షన్ మీద చారు మరుగుతోంది, నేను చూసుకోకుండా రైస్ కుక్కర్ పెట్టాను. టక్కుమని అంతా చీకటి. చిన్నాడు ఏడుపు. పెద్దది టార్చి పట్టుకుంటే మా ఆయన మంచం కింద వంగి బ్రేకర్ వెతికారు. మర్నాడు దాన్ని కూచోబెట్టి కాగితం మీద అన్నిటి వాట్లూ తెలుగులో రాయించాను. హీటరు 1500, ఇండక్షన్ 1800, కుక్కరు 700, కెటిల్ 1500. 'క్ష'కి రెండుసార్లు కొట్టేసి మూడోసారి సరిగ్గా రాసింది. ఆ కాగితం ప్రతి ఏడూ తీసుకెళ్లి అలమరా తలుపుకి టేపుతో అంటిస్తాం. ఏది పెట్టాలన్నా అదే ముందు కూడి చెప్తుంది. నాకది ఎంతో గర్వం. తెలుగు వచ్చింది, లెక్క వచ్చింది, పొదుపు వచ్చింది అనుకున్నాను. దానికి మాత్రం సముద్రమంటే ముందు ఆ కాగితమే గుర్తొస్తుందేమోనని ఇప్పుడు భయంగా ఉంది.

మా చిన్నప్పుడు కార్తీక పౌర్ణమికి నాన్న మమ్మల్నందరినీ మంగినపూడికి తీసుకెళ్లేవారు, సముద్ర స్నానానికి. పెదనాన్న వాళ్లూ మేమూ కలిసి ఒక జీపు మాట్లాడుకునేవాళ్లం. అమ్మ పులిహోర, దద్దోజనం రెండు పెద్ద గిన్నెల్లో కట్టేది. ఎంతయిందో ఏ రోజూ మా చెవిన పడలేదు. నాన్న పోయాక బీరువాలో కాగితాలు తీస్తే తెలిసింది, అమ్మ గాజులు ఎన్నేళ్లుగా బ్యాంకులో ఉన్నాయో. మేం కేరింతలు కొట్టిన కొన్ని పండగలు ఆ గాజుల మీదే నడిచాయి. ఆ రోజు నేను చాలా ఏడ్చాను. చెప్పి ఉంటే ఆ జీపు వద్దనేదాన్ని కదా అనిపించింది. నా పిల్లల దగ్గర ఏ ఖర్చూ దాచకూడదని అప్పుడే అనుకున్నాను. వాళ్లకి అన్నీ తెలిసి పెరగాలి. ఇప్పటికీ అది తప్పని నాకు అనిపించదు.

కానీ నేను అన్నీ చెప్తున్నానా? కూచిపూడి గజ్జెలు హైదరాబాద్ నుంచి తెప్పించినప్పుడు ధర దానికి చెప్పలేదు. డాన్సు క్లాసుకి ఏడాదికి కట్టేది మూడు క్యాంపింగ్‌లకి సరిపోతుంది, అదీ దానికి తెలియదు. నాకు ఇష్టమైనవాటికి ధర దాస్తున్నాను, వాళ్లకి ఇష్టమైనవాటికి పైకి చదువుతున్నాను. ఇది నాకు నేనుగా తట్టలేదు, ఆ పిల్ల ప్రశ్న తర్వాతే తట్టింది. దానికి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుందా అన్నదే నా బాధ.

పెద్దది ఆ ప్రశ్న అడిగిన మర్నాడు పొద్దున సముద్రం పోటు తగ్గాక పీటర్ ఐర్‌డేల్ ఓడ చూడటానికి వెళ్లాం. 1906లో ఇసుకలో దిగబడిపోయిన ఓడ, ఇనుప ఎముకల్లాంటివి మాత్రం మిగిలాయి. తుప్పు పొరలు పొరలుగా లేచి, ముట్టుకుంటే వేళ్లకి ఎర్రగా అంటుకుంటోంది. ఇక్కడ ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి మనుషుల్ని లాగేస్తుంది, సముద్రానికి వీపు పెట్టొద్దని నేను చెప్తూనే ఉన్నాను. మా చిన్నాడికి ఆరేళ్లు. వాడు ఆ ఇనుము మీద చెయ్యి వేసి, తల పైకెత్తి, "అమ్మా, ఇది ఎంత?" అన్నాడు. ఎంత పెద్దది అని కాదు, ఎంతకి కొన్నారు అని. పెద్దది నా వైపు చూసింది. నాకు గొంతు పట్టేసింది. "చాలా పెద్ద ఓడ నాన్నా, చాలా దూరం తిరిగింది" అని మాట మార్చాను.

పిల్లలకు డబ్బు విలువ చెప్పండి అని ఇన్నేళ్లూ అందరికీ చెప్పినదాన్ని నేనే. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. నాన్నలాగా మొత్తం మింగేసుకోవడం నావల్ల కాదు. అలాగని రెండు వందల డాలర్లు మిగిలాయని వాళ్ల ముందే సంబరపడుతుంటే, వాళ్ల చేతిలో ఉన్న గవ్వకి కూడా ధర అతికిస్తున్నట్టుంది. ఎంత చెప్పాలి, ఏ వయసులో ఆపాలి, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

చివరి రాత్రి మంట వేద్దామన్నారు పిల్లలు. బయటి కట్టెలతో పురుగులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి వెళ్తాయి కాబట్టి అక్కడే కొనుక్కోవాలి. పెద్దదీ నేనూ వెళ్లాం. నేను డబ్బులు తీస్తుంటే, "ఒక కట్ట చాలమ్మా" అంది మెల్లగా. రెండు తీసుకున్నాను. ఎంతని అది అడగలేదు, నేనూ చెప్పలేదు. పది దాకా మంట దగ్గరే కూచున్నాం, చిన్నాడు నా ఒళ్లో నిద్రపోయాడు, పెద్దది పుల్లతో నిప్పులు కదుపుతూ మంగినపూడి గురించి అడిగింది. అక్కడ నీళ్లు ఇంత చల్లగా ఉంటాయా, తాతయ్యకి ఈత వచ్చా అని. తాతయ్య మోకాళ్ల దాకానే దిగేవారని, అందరి చెప్పులూ ఆయనే పట్టుకుని నిలబడేవారని చెప్పాను. గాజుల సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రెండో కట్టలో సగం మిగిలింది. పొద్దున్నే మా ఆయన దాన్ని బండిలో పెట్టబోతుంటే, తీసుకెళ్లకూడదు నాన్నా అని పెద్దదే వెనక్కి తెచ్చి, తర్వాత వచ్చేవాళ్ల కోసం బల్ల కింద తడవని చోట పేర్చింది.