పిల్లలు మెయిల్ చదవరనడం అన్యాయం

అమెరికాలో ఒక కాలేజీలో, విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసులో పనిచేస్తున్నాను. మీటింగుల్లో తరచూ వినిపించే మాట: "ఈ కాలం పిల్లలు మెయిల్స్ చదవరు." నేను ఒప్పుకోను. లైబ్రరీ వేళలు, పార్కింగ్ నోటీసులు, క్లబ్బుల ఆహ్వానాలు, క్లాసుల పనులు నడిపే కాన్వాస్ అనే వెబ్‌సైట్ నుంచి ప్రతి అసైన్‌మెంట్‌కీ ఒక హెచ్చరిక, అన్నీ ఒకే ఇన్‌బాక్స్‌లో పడుతుంటాయి. వాటి మధ్య "ముఖ్య గమనిక" అంటూ మా మెయిల్ ఒకటి. అది తన కోసమే రాసిందని ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది?

మా దగ్గరికి వచ్చే పిల్లల విషయంలో ఒక్క మెయిల్ తప్పిపోతే నష్టం మార్కులతో ఆగదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ఇల్లు మారితే 10 రోజుల్లో మాకు చెప్పాలి. చదివిన చదువుకి సంబంధించిన ఉద్యోగం కొంతకాలం చేసుకోనిచ్చే అనుమతి ఓపీటీ. దానికి చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు దరఖాస్తు చేసుకోవాలి. విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లో మేము సిఫారసు నమోదు చేశాక 30 రోజుల్లో ఆ దరఖాస్తు చేరాలి కూడా. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా గడిపిన రోజులు మొత్తం 90 దాటకూడదు. ఇవన్నీ కలిపి ఒక పొడుగాటి మెయిల్‌లో పెట్టి అందరికీ పంపి, "మేం చెప్పాం కదా" అనడం నాకు న్యాయంగా తోచదు.

అందుకే ఎవరికి వర్తిస్తుందో వాళ్లకే పంపాలని పట్టుబడతాను. సబ్జెక్ట్ లైన్‌లోనే చేయాల్సిన పని, గడువు తేదీ ఉండాలి. కింద ఒక మనిషి పేరు ఉండాలి, రిప్లై కొడితే ఆ మనిషికే చేరాలి. జవాబివ్వడానికి వీల్లేని అడ్రస్ నుంచి మెయిల్ పంపి, పిల్లలు మాతో మాట్లాడటం లేదని బాధపడితే ఏం లాభం?

జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2016లో పౌన్స్ అనే చాట్‌బాట్ మొదలుపెట్టింది. సీటు వచ్చి కూడా, తీరా క్లాసులు మొదలయ్యే నాటికి రాకుండా పోయే విద్యార్థుల సంఖ్య దాంతో దాదాపు ఐదో వంతు తగ్గింది. అందరూ చాట్‌బాట్ గొప్పతనం గురించే మాట్లాడతారు. నాకు నచ్చింది వేరు. ఏ విద్యార్థికి ఏ పని మిగిలిపోయిందో చూసి, ఆ ఒక్కటే ఫోన్‌కి మెసేజ్‌గా గుర్తుచేసేవారు. యంత్రం జవాబు చెప్పలేని ప్రశ్న సిబ్బంది దగ్గరికి వెళ్లేది.

ఇక వాట్సాప్. మన పిల్లలు విమానం ఎక్కకముందే గ్రూపుల్లో చేరిపోతారు. రూమ్‌మేట్స్, ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకెళ్లేవాళ్లు, పుకార్లు, అన్నీ అక్కడే. ఆ గ్రూపుల్లో ఆఫీసు వాళ్లం కూడా చేరితే బాగుంటుందని కొందరంటారు. నాకిష్టం లేదు. ఆఫీసు వినని చోటు ఒకటి వాళ్లకి కావాలి. పైగా ఒకరి వీసా సంగతి గ్రూపులో చర్చించే హక్కు మాకు లేదు. ఆ గ్రూపుల్లోకి ఫార్వర్డ్ చేయడానికి వీలుగా స్పష్టమైన నాలుగు లైన్లు రాసివ్వడం మాత్రం మా బాధ్యత. కోవిడ్ కాలంలో, 2020 జూలై 6న, క్లాసులన్నీ ఆన్‌లైన్లోనే ఉన్న విదేశీ విద్యార్థులు దేశంలో ఉండకూడదని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళ్లాయి. జూలై 14న ఆ ఆదేశం వెనక్కి పోయింది. ఆ రోజుల్లో పిల్లల టెన్షన్ మాటల్లో చెప్పలేను. అలాంటప్పుడు కొత్త కబురు లేకపోయినా, "ఈరోజు మార్పేమీ లేదు, రేపు సాయంత్రం జూమ్‌లో కలుద్దాం" అన్న చిన్న మెసేజ్ కూడా ఎంతో ధైర్యం ఇస్తుంది.

జూమ్‌లో ఇంకో మేలుంది. ఆఫీసు గుమ్మం ఎక్కడానికి మొహమాటపడే పిల్లలు కెమెరా ఆపేసి, చాట్‌లో నాకొక్కదానికే కనిపించేలా ప్రశ్న టైప్ చేస్తారు. ఫీజు కట్టలేకపోతున్నామనీ, క్లాసు వదిలేయాలనుకుంటున్నామనీ నలుగురిలో ఎవరు చెప్పుకుంటారు? క్యాంపస్ ఉద్యోగాలు ముగించుకుని వస్తారు కాబట్టి ఆ జూమ్ మీటింగ్ రాత్రిపూట పెడితేనే ఉపయోగం.

అన్నిటికంటే కష్టం తల్లిదండ్రుల ఫోన్లు. "అమ్మా, మా అమ్మాయి రెండు రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు. క్లాసులకి వెళ్తోందా?" అని తెలుగులో అడుగుతారు. విద్యార్థుల చదువు వివరాల గోప్యత కోసం వచ్చిన 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరాక ఆ వివరాలపై హక్కు విద్యార్థిది. "ఆ సంగతి తన అనుమతి లేకుండా చెప్పకూడదండీ. మీరు కంగారు పడుతున్నారని తనకి ఇప్పుడే చెప్తాను" అంటాను. వెంటనే అమ్మాయికి మెసేజ్ పెడతాను. తను బాగానే ఉన్నట్టు జవాబు వచ్చేదాకా ఇంకో పనిమీద మనసు నిలవదు.

కాలేజీలు పట్టించుకోవాల్సింది మరొకటుంది. ఓపీటీలోకి వెళ్లినవాళ్లు తమ అడ్రస్, ఉద్యోగం వివరాలు సెవ్‌ప్ పోర్టల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవచ్చు. దాని ఖాతా తెరిచే లింకు సెవిస్‌లో ఉన్న మెయిల్ అడ్రస్‌కి వస్తుంది. అది కాలేజీ ఇచ్చిన అడ్రస్ అయి, డిగ్రీ అయ్యాక మూతపడితే ఆ లింకు అందదు. కాబట్టి ఆఖరి సెమిస్టర్‌లోనే ఒక్కొక్కరినీ అడిగి, సొంత మెయిల్ అడ్రస్ తీసుకుని సెవిస్‌లో మార్చాలి.