లోపల పగ్గం ఒగ్గీ!

తెల్లవారుజామున విజయనగరంలో రైలు దిగి, ఆటోలో గంటస్తంభం దాటుతుంటే కూడా అనుమానమే. హైదరాబాద్ మనిషి గుర్రపు స్వారీ నేర్చుకోవడానికి నెల్లిమర్ల అవతలికి వెళ్లడమేమిటని ఇంట్లో నవ్వింది నిజమేనేమో అనిపించింది.

2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మనవాళ్లు నలుగురు డ్రెసాజ్‌లో, అంటే గుర్రాన్ని చిన్న చిన్న సైగలతో నడిపించే పోటీలో, టీమ్ స్వర్ణం కొట్టిన రోజున పట్టుకుంది నాకీ పిచ్చి. స్వారీలో మనకు 41 ఏళ్ల తర్వాత వచ్చిన బంగారం అది. టీవీలో చూస్తే మీద కూర్చున్న మనిషి అసలేమీ చేస్తున్నట్టే లేదు. హైదరాబాద్‌లో నేను స్వారీ నేర్చుకోవడానికి చేరిన చోట మాత్రం ఒకటే మంత్రం: ఆగకపోతే గట్టిగా లాగు. లాగేదాన్ని. గుర్రం ఇంకా ఉరికేది. చేతులు బొబ్బలెక్కాయి తప్ప ఏడాదిలో ఒక్క గుండ్రం సరిగ్గా తిరగలేదు.

నెల్లిమర్ల అవతల నాకు నేర్పబోయే మాస్టారు సైన్యంలో గుర్రాల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. రామతీర్థం వెళ్లే దారిలో మామిడితోట పక్క బీడులో 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు కొలిచి ఇసుక పోయించారు. చుట్టూ పాత నూనె డబ్బాలు, వాటి మీద సున్నంతో అక్షరాలు: ఏ, కె, ఇ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్. వరసలో లేవేమిటని అడిగితే, "అదంతేనమ్మా" అన్నారు.

గుర్రం పేరు బుల్లెమ్మ. ఒకప్పుడు మలక్‌పేటలో రేసులు పరిగెత్తిన థరోబ్రెడ్, రేసుల కోసం పెంచే జాతి. అంటే మా ఊరిదే!

"రేసు గుర్రం బిగిసిన పగ్గం మీద ఆనుకుని పరిగెత్తడానికి అలవాటు పడిపోతాది. నువ్వు ఆగమని లాగుతున్నావు. దానికి పదమని వినపడతంది."

మొదటి రోజు ట్రాట్‌లో, అంటే నడకకీ దౌడుకీ మధ్య వేగంలో, 20 మీటర్ల గుండ్రం తిప్పమన్నారు. నాది కోడిగుడ్డు అయింది. మధ్యలో నిలబడి ఆయన ఒకటే కేక: "లోపల పగ్గం ఒగ్గీ! ఒగ్గీమంటంటే!" ఒగ్గీ అంటే ఏమిటో తెలియక నేను ఇంకా బిగించాను. బుల్లెమ్మ మామిడితోట వైపు దౌడు. తర్వాత గుర్రాలు చూసుకునే కుర్రాడు నవ్వాపుకుంటూ చెప్పాడు, ఒగ్గీ అంటే వదిలేయ్ అని, లోపల పగ్గమంటే గుండ్రం మధ్య వైపు ఉండే పగ్గమని.

పదికి నాలుగు మార్కులు వేశారు. పోటీల్లో నాలుగంటే చాలలేదని లెక్క.

రెండో రోజు ఎండ, ఒళ్లునొప్పులు, అంతే. మూడో రోజు మాస్టారు రోడ్డు మీద కొన్న తాటిముంజె నా పిడికిట్లో పెట్టారు. "నొక్కితే చితికిపోతాది, ఒదులైతే జారిపోతాది. పగ్గమూ అంతే." తిప్పాల్సింది చేత్తో కాదట. లోపలి కాలు జీను పట్టీ దగ్గర ఆనాలి, బయటి పగ్గం గోడలా నిలవాలి, లోపలి పగ్గం దారి చూపించి ఊరుకోవాలి. గుర్రం తనను తాను మోసుకుంటోందా, మన చేతి మీద వేలాడుతోందా అన్నది ఆ పగ్గం వదిలినప్పుడే బయటపడుతుంది.

నాలుగో రోజు పొద్దున్న ఆరుకి సి దగ్గర గుండ్రం మొదలుపెట్టాను. సగం తిరిగాక, భయపడుతూనే లోపలి చేయి జూలు వెంట ముందుకు జరిపాను. పగ్గం వేలాడింది. బుల్లెమ్మ ఉరకలేదు. ఒక చెవి నా వైపు తిప్పింది. మెడ కిందికి సాగింది, వీపు నా కింద మెల్లగా లేచింది, ముక్కుపుటాల్లోంచి బుస్‌మని పొడుగ్గా గాలి వదిలింది. పెదవుల దగ్గర నురగ. అన్ని నెలల్లో గుర్రం అలా ఊపిరి వదలడం వినడం అదే మొదలు.

"ఆరు," అన్నారు మాస్టారు.

దిగి బెల్లంముక్క పెడుతుంటే దాని నాలుక అరచేయంతా తడిపేసింది. ఫోటో తీయమని కుర్రాడికి ఫోనిచ్చాను. ఈలోగా మాస్టారు వచ్చి జీను పట్టీ మళ్లీ బిగిస్తున్నారు.

"అయిపోయింది కదండీ?"

"కుడి పక్కకయిందమ్మా. దీనికి ఎడమ పక్క మొండి. ఎక్కు."

నా రైలు సాయంత్రానికి.