హెలెన్ ముంజేయి

బుధవారం రాత్రి

మధ్యాహ్నం నుంచి ఒకటే ముసురు. ఆరింటికి ఆఫీసు అయిపోయాక గదికి వెళ్ళబుద్ధి కాలేదు. బుధవారాలు ఇక్కడ పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం రాత్రి తొమ్మిదింటిదాకా తెరిచే ఉంటుంది. గొడుగేసుకుని అటే నడిచాను.

ఇవాళ ఒక్క బొమ్మే చూడాలనుకున్నాను. ఫ్రెంచి చిత్రకారుడు డావిడ్ 1788లో వేసిన పారిస్, హెలెన్‌ల చిత్రం. (ట్రాయ్ రాకుమారుడికీ ఈ ఊరికీ సంబంధం లేదు. ఊరి పేరు పారిసీ అనే పాత గాల్ తెగది.) 1.46 మీటర్ల ఎత్తు, 1.81 మీటర్ల వెడల్పు. పడకగదిలో పారిస్ లైర్ అనే తీగల వాద్యం పట్టుకుని కూర్చున్నాడు, తలెత్తి ఆమెనే చూస్తున్నాడు. పక్కన నిలబడిన హెలెన్ అతని భుజం మీదికి వాలింది. కళ్ళు మాత్రం కిందికి దించేసింది. అతని చెయ్యి ఆమె ముంజేతిని పట్టుకుని ఉంది. నేను ఆ చేతి దగ్గరే ఆగిపోయాను. అందరూ దీన్ని ప్రేమ చిత్రం అంటారు. నాకు ఎంతసేపు చూసినా ఆమె ముఖంలో సంతోషం కనిపించలేదు.

ట్రాయ్ యుద్ధం మీద హోమర్ రాసిన గ్రీకు కావ్యం ఇలియడ్ మూడో భాగంలో, హెలెన్ భర్త, గ్రీకు రాజు మెనెలాస్‌తో పోరులో ఓడిపోబోతున్న పారిస్‌ని ప్రేమదేవత అఫ్రొడైటీ మాయం చేసి పడకగదిలో దింపుతుంది. హెలెన్‌ని రమ్మంటే, నువ్వే వెళ్ళి అతని పక్కన కూర్చో అని దేవత మీదే విరుచుకుపడుతుంది. బెదిరిస్తే భయపడి వెళ్తుంది. వెళ్ళి, నువ్వు అక్కడే చచ్చిపోయుంటే బాగుండేదని పారిస్ ముఖం మీదే అంటుంది. ఆ మాటలు చదివినవాళ్ళకి ఈ దించుకున్న తల వేరేగా కనిపిస్తుంది.

బొమ్మ వేయించుకున్నది ఫ్రాన్సు రాజు పదహారో లూయీ తమ్ముడు, ఆర్త్వా ప్రభువు. 1789 ఆగస్టులో ఇదే లూవ్ర్‌లో సలోన్ అనే చిత్రకళా ప్రదర్శన మొదలయ్యేనాటికి విప్లవంలో బాస్తీయ్ కోట జైలు కూలిపోయింది, ఆయన దేశం వదిలి పారిపోయాడు. నాలుగేళ్ళకి డావిడ్ ఆ రాజు మరణశిక్షకే ఓటు వేశాడు.

ప్రేమికుల వెనక స్తంభాల్లా నిలబడ్డ స్త్రీమూర్తులు డావిడ్ ఊహ కాదు. 1550లో శిల్పి జాఁ గూజోఁ చెక్కినవి, ఇదే భవనంలో కింద ఉన్నాయి. వెళ్ళి చూశాను. నలుగురు రాతి స్త్రీలు, వాద్యగాళ్ళ అరుగును తలల మీద మోస్తూ. వాళ్ళకి చేతులే లేవు. పైన చూసిన ముంజేయి ఇంకా కళ్ళల్లోనే ఉందేమో, గుండె కలుక్కుమంది.

అక్కడుండగానే అమ్మ ఫోన్. ఇంట్లో పదకొండయింది, నిద్ర పట్టలేదట. కథంతా చెప్పాను.

"ఇంతకీ ఆ పిల్ల ఇష్టపడి వెళ్ళిందా, ఎత్తుకెళ్ళాడా?"

"గ్రీకులే రెండు రకాలుగానూ చెప్పుకున్నారమ్మా. అసలు ట్రాయ్‌కే వెళ్ళలేదని, ఈజిప్టులో ఉండిపోయిందని కూడా యూరిపిడీస్ అనే నాటకకర్త రాశాడు."

"వాళ్ళ సంగతి సరేనే. బొమ్మలో ఎలా ఉంది?"

చెప్పడం చేతకాక, ఆ చెయ్యి దగ్గరగా తీసిన ఫొటో పంపాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"గట్టిగానే పట్టుకున్నాడే," అంది.